ఒడిలో, అప్పుడప్పుడు నెత్తిమీద: ‘మై రూమ్‌మేట్ ఈజ్ ఎ క్యాట్’ యానిమే గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక రచయిత, ఒక వీధిపిల్లి, వాళ్లిద్దరూ ఉండే ఒక పాత ఇల్లు. ఈ యానిమే (జపాన్ యానిమేషన్ ధారావాహిక) చూడమని నేను చెప్పిన వాళ్లంతా దాదాపు ఇవే ప్రశ్నలు అడిగారు. కొన్ని చూడకముందు అడిగినవి, కొన్ని కళ్లు తుడుచుకుంటూ అడిగినవి. జవాబులన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని రాస్తున్నాను. చివరి ఎపిసోడ్లలో ఏం జరుగుతుందో మాత్రం చెప్పలేదు.

అసలు కథేమిటి?

సుబారు మికాజుకికి 23 ఏళ్లు. డిటెక్టివ్ నవలలు రాస్తాడు. నలుగురిలోకి వెళ్లాలంటే ఊపిరాడదు. చిన్నప్పటి నుంచి పుస్తకాలే లోకం. ఎవరైనా పలకరిస్తే చదువు సాగదని చిరాకు పడేవాడు. అమ్మానాన్నలు విహారయాత్రకు వెళ్లి ప్రమాదంలో చనిపోయాక ఆ ఇంట్లో ఒక్కడే మిగిలాడు. ఒకరోజు వాళ్ల సమాధి దగ్గర నైవేద్యం పెడితే, ఎక్కడి నుంచో వచ్చిన వీధిపిల్లి దాని మీదకు దూకుతుంది. ఆ క్షణంలోనే అతనికి కొత్త నవలకు ఆలోచన తడుతుంది. పిల్లి కళ్లముందు ఉంటే కథ నడుస్తుందని ఇంటికి తెచ్చుకుంటాడు. ముద్దొచ్చి తెచ్చుకున్నది కాదు, పని కోసం తెచ్చుకున్నది.

ఆ తర్వాత చెప్పుకోదగ్గ పెద్ద సంఘటనలు తక్కువ. పిల్లికి తిండి కొనాలి. పేరు పెట్టాలి. తను ఊరెళితే దాన్ని ఎవరు చూసుకుంటారో ఆలోచించాలి. వీటిలో ఏ పని చేయాలన్నా ఇంకో మనిషితో మాట్లాడక తప్పదు. సుబారు అలా గడప దాటడం మొదలుపెడతాడు.

పేరు ఇలా ఎందుకు పెట్టారు?

మనకు తెలిసిన ఇంగ్లీషు పేరు చప్పగా ఉంటుంది. జపనీస్ పేరు ‘దోక్యోనిన్ వ హిజా, తోకిదోకి, అతమ నో ఉయె’. అర్థం చెప్పుకోవాలంటే ‘నాతో కాపురముండేది ఒడిలో, అప్పుడప్పుడు నెత్తిమీద’. పిల్లిని పెంచిన వాళ్లకు ఈ ఒక్క పేరు చాలు. ‘నెత్తికెక్కించుకున్నావు’ అని మన పెద్దవాళ్లు తిట్టే తిట్టు ఈ ఇంట్లో అక్షరాలా జరుగుతుంది.

ఎప్పుడు వచ్చింది, ఎవరు తీశారు?

2019 జనవరి 9 నుంచి మార్చి 27 వరకు జపాన్ టీవీలో వారం వారం వచ్చింది. మొత్తం 12 ఎపిసోడ్లు. జీరో-జి స్టూడియో తీసింది, దర్శకుడు కావోరు సుజుకి, కథాక్రమం దెకో అకావో. దీనికి మూలం మినత్సుకి రాయగా అసు ఫుతత్సుయ బొమ్మలు వేసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. అది 2015 నుంచి ‘కామిక్ పొలారిస్’ అనే వెబ్ పత్రికలో వచ్చింది.

జరిగినదే మళ్లీ చూపిస్తారేమిటి? నా వీడియోలో లోపమా?

లోపం కాదు. ఈ యానిమే ప్రాణమంతా అందులోనే ఉంది కాబట్టి ఈ జవాబు కొంచెం పెద్దదే.

ప్రతి ఎపిసోడ్‌లో ముందు సగం సుబారు వైపు నుంచి నడుస్తుంది. తర్వాత అదే రోజు, అదే గది, అదే సంఘటన పిల్లి వైపు నుంచి మొదలవుతుంది. హారు అనే ఆ పిల్లి మనసులోని మాటలు మనకు వినిపిస్తాయి. మనుషుల భాష దానికి సరిగా అర్థం కాదు, దాని అరుపులు మనుషులకు అర్థం కావు. ఇద్దరి మధ్యా ఒక్క మాటకు కూడా వంతెన లేదు. రెండు వైపులా తెలిసినది చూస్తున్న మనకొక్కరికే.

మొదటి ఎపిసోడ్ చూడండి. సుబారు రాతలో పడి తిండీ నిద్రా మరచిపోతాడు. చివరికి ఆకలితో సొమ్మసిల్లి పడిపోతాడు. కళ్లు తెరిచేసరికి పిల్లి పక్కనే ఉంటుంది, దాని తిండి అతని దగ్గర ఉంటుంది. అతనికి ఏమీ బోధపడదు. మనం కూడా పిల్లి చేష్టలే అనుకుంటాం. తర్వాత హారు వంతు వస్తుంది. వీధిలో పుట్టి పెరిగిన ఆ పిల్లికి తెలిసిన సత్యం ఒక్కటే: తినని ప్రాణి బతకదు. ఈ మనిషి పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అంటే చావబోతున్నాడు. అందుకని తన గిన్నెలోది తీసి అతనికి పెడుతుంది. వీధిలో ఒక్కో ముద్ద కోసం కొట్లాడిన పిల్లి అది. తన వాటా పంచడమంటే దానికి చిన్న సంగతి కాదు.

ఈ సగం చూశాక వెనక్కి వెళ్లి మొదటి సగం మళ్లీ చూడండి. ఇందాక ఏ మూలనో కనబడి వదిలేసిన ఒక చూపు, తోక కదలిక, చెవి మలుపు ఇప్పుడు వేరుగా కనిపిస్తాయి. నేను ప్రతి ఎపిసోడ్‌ను అలా రెండుసార్లు చూశాను.

తెలుగువాళ్లుగా మనకు ఇక్కడ ఇంకొక అందం దొరుకుతుంది. మన భాషలో ‘ఆమె వచ్చింది’ అన్నా ‘పిల్లి వచ్చింది’ అన్నా క్రియ ఒకటే. హారు గురించి ఎవరికైనా చెబుతున్నప్పుడు పిల్లి గురించి చెబుతున్నామా, ఇంటి ఆడపడుచు గురించి చెబుతున్నామా అన్నది వాక్యం బయటపెట్టదు. మొదటి సగంలో నాకు అది ‘అది’. రెండో సగానికి ‘ఆమె’ అయిపోయేది.

హారు ఎప్పుడూ తిండి గురించే ఎందుకు ఆలోచిస్తుంది?

హారు ఒంటరిగా పెరగలేదు. దానికి తోబుట్టువులున్నారు, అది అందరికంటే పెద్దది. ‘పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు’ అని మనం తల్లిపిల్లి గురించి చెప్పుకుంటాం. ఇక్కడ తిప్పే తల్లి లేదు, అక్క ఉంది. వాన, ఆకలి, కాకులు, వీధి. ఆ చిన్నవాళ్ల కడుపు నింపడమే దాని రోజంతటి పని. వాళ్లందరినీ కాపాడుకోలేకపోయింది. ఆ నొప్పి దాని ప్రతి ఆలోచన అడుగునా ఉంటుంది.

అందుకే సుబారు దాని కళ్లకు యజమానిగా కనిపించడు. వేళకు తినడం రాని, చలికి ఒణికే, చిన్న చప్పుడుకే బెదిరే ఒక పెద్ద శరీరపు తమ్ముడిగా కనిపిస్తాడు. వీణ్ని కనిపెట్టుకుని ఉండకపోతే వీడూ పోతాడు అనుకుంటుంది. సుబారేమో పిల్లిని తను పెంచుతున్నాననుకుంటాడు. ఇద్దరూ ఎదుటివాళ్లను తప్పుగానే అర్థం చేసుకుంటారు, అయినా ఇద్దరి కడుపులూ నిండుతాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

జపనీస్‌లో ‘గొహాన్’ అంటే వండిన అన్నం. భోజనం అన్నా అదే మాట. మనకూ అంతే కదా, ఉప్మా తిన్నవాణ్ని కూడా ‘అన్నం తిన్నావా’ అనే అడుగుతాం. సబ్‌టైటిళ్లలో అది ఒట్టి ‘ఆహారం’ అయిపోతుంది. ఆ మాట వినబడినప్పుడల్లా మీ మనసులో ‘అన్నం’ అని మార్చుకుని వినండి, సన్నివేశం ఇంటికి దగ్గరవుతుంది. మా అమ్మ నా పక్కన కూర్చుని మొదటి ఎపిసోడ్ చూసింది. సబ్‌టైటిళ్లు చదవలేదు, నేను ఏమీ వివరించలేదు. సుబారు పడిపోయిన చోట ‘ఆ అబ్బాయికి అన్నం పెట్టేవాళ్లే లేరా’ అంది. రెండో సగంలో పిల్లి తిండి పెట్టడం చూసి ఇంకేమీ అనలేదు, చీర కొంగు సర్దుకుంటూ చివరిదాకా కూర్చుంది.

పిల్లులు నిజంగా ఇలా ఆలోచిస్తాయా?

హారు ఆలోచనల్లోని మాటలు రచయితవి. కానీ దాని ప్రవర్తన కల్పించినది కాదు. ముందుకాళ్లతో ఒత్తడం, కొత్త వస్తువుకు బుగ్గ రాయడం, ఎత్తైన చోట కూర్చుని గదంతా గమనించడం, ఇవన్నీ పిల్లులను బాగా ఎరిగినవాళ్లు గీసినట్టే ఉంటాయి. పిల్లిపిల్లలు పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను ఒత్తుతాయి; పెద్దయ్యాక మెత్తటి ఒడి దొరికితే అదే అలవాటు పైకొస్తుంది.

పేరు సంగతి మరీ ఆసక్తికరం. హారుకు పేరు పెట్టడం, అది తన పేరని దానికి తెలియడం ఈ కథలో ఒక ముఖ్యమైన మెట్టు. చివరి ఎపిసోడ్ ప్రసారమైన వారం తర్వాత, 2019 ఏప్రిల్ 4న, జపాన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చింది. పెంపుడు పిల్లులకు వాటి పేరుకు దగ్గరగా ఉండే నాలుగు మామూలు పదాలు వరుసగా వినిపించి, చివర అసలు పేరు వినిపించారు. మామూలు పదాలు వినే కొద్దీ పిల్లులు పట్టించుకోవడం మానేశాయి. పేరు వినబడగానే చాలా పిల్లులు చెవులు తిప్పాయి, తలలు తిప్పాయి. పిలిచినవాళ్లు పరాయివాళ్లైనా సరే. అంటే పిలిస్తే రాని పిల్లికి పిలుపు వినబడక కాదు.

కళ్లు సగం మూసి మెల్లగా ఆర్పడం కూడా అంతే. మనం అలా చేస్తే పిల్లులు తిరిగి అలాగే చేస్తాయని, అలా చేసిన మనిషి దగ్గరకు రావడానికి ఎక్కువ ఇష్టపడతాయని 2020లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. ‘పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు’ అని దాన్ని దొంగను చేశాం కానీ, మూసిన కళ్లు నమ్మకానికి గుర్తు కూడా.

సమాధి దగ్గర తిండి పెట్టడం ఏమిటి?

జపాన్‌లో కుటుంబ సమాధికి వెళ్లి, రాతిని నీళ్లతో కడిగి, పువ్వులు, అగరొత్తులు పెట్టి, పోయినవాళ్లకు ఇష్టమైన పదార్థాలు ఉంచడం ఆనవాయితీ. జంతువులు చెదరగొడతాయని చాలా చోట్ల మొక్కడం అయ్యాక ఆ పదార్థాలను తిరిగి తీసుకెళ్లమంటారు. అక్కడి కళ్లకు పిల్లి చేసింది దొంగతనమే. మనకు మాత్రం పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే అలవాటుంది. కాకి ముట్టకపోతే పెద్దలకు ఏదో తీరని కోరిక ఉందని బాధపడతాం. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు, అమ్మానాన్నల సమాధి మీది ముద్దను ఒక ప్రాణి వచ్చి అందుకోవడం దొంగతనంగా తోచలేదు. కొడుకుకు తోడు పంపించారనిపించింది. రచయిత ఉద్దేశం అది కాకపోవచ్చు. నేను మాత్రం అలాగే చూశాను.

ఏడిపిస్తుందా? పిల్లలకు చూపించవచ్చా?

హారు పాత రోజుల సన్నివేశాలు బరువుగా ఉంటాయి. రక్తం, హింస చూపించరు, కానీ చిన్నపిల్లులకు ఆపద వస్తుంది. సున్నితమైన చిన్నపిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండటం మంచిది. ఈమధ్యే తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లు కూడా కొంచెం సిద్ధపడి చూడండి. సుబారు దుఃఖం గట్టిగా ఏడ్చేది కాదు. వాళ్లు ఉండగా ఎందుకు మాట్లాడలేదు, రమ్మన్నప్పుడు ఎందుకు వెళ్లలేదు అన్న ప్రశ్నలు ఇంట్లో చిన్న చిన్న వస్తువులు కనిపించినప్పుడల్లా తిరిగొస్తాయి. మిగతాదంతా ఎనిమిదేళ్ల పిల్లల నుంచి తాతల వరకు కూర్చుని చూడగలిగినదే.

ఏమీ జరగదంటున్నారు. విసుగు రాదా?

ఇలాంటి వాటిని జపాన్‌లో ‘ఇయాషికెయి’ అంటారు, అంటే మనసుకు సాంత్వన ఇచ్చే రకం. యుద్ధాలు, శక్తులు, పోటీలు ఉన్న యానిమేలకు అలవాటు పడినవాళ్లకు మొదటి పదినిమిషాలు నెమ్మదిగా అనిపించవచ్చు. ఒక్క ఎపిసోడ్ పూర్తిగా, రెండో సగంతో సహా చూడండి. సగంలో ఆపితే మీరు చూసింది సగం కూడా కాదు. అప్పటికీ నచ్చకపోతే ఇది మీకు తగినది కాదు, నిస్సంకోచంగా వదిలేయండి. ఒకేసారి 12 ఎపిసోడ్లు మాత్రం చూడకండి. రాత్రి భోజనాల తర్వాత ఒకటి, అంతే.

సుబారు మీద కోపం వస్తోంది. ఇంత మొండిగా ఉంటాడేం?

నాకూ మొదట్లో వచ్చింది. సాయం చేయడానికి వచ్చినవాళ్లను కూడా తలుపు దగ్గరే ఆపేస్తాడు. కానీ కథ అతన్ని మార్చేయడానికి తొందరపడదు. చివరికి కూడా అతను జనంలో కలిసిపోయే మనిషి కాడు, బెరుకు బెరుకే. ఎదుటివాళ్ల వైపు నుంచి కూడా ఒక సగం కథ ఉంటుందని మాత్రం తెలుసుకుంటాడు. మాట్లాడటం రానివాణ్ని వాగుడుకాయను చేసి ‘బాగుపడ్డాడు’ అని చెప్పనందుకు ఈ కథ మీద నాకు గౌరవం.

మిగతా పాత్రల్లో ఎవరిని గుర్తుపెట్టుకోవాలి?

చిన్ననాటి స్నేహితుడు హిరోతో యసాకా. చొరవగా ఇంట్లోకి వచ్చి, కడుపు చూసే రకం. ఇంట్లో తనకు తమ్ముడు, చెల్లెలు ఉన్నారు; ఆ పెద్దరికం అతని నడకలోనే కనిపిస్తుంది. అందుకేనేమో, నాకు హారు, హిరోతో ఇద్దరూ ఒకే పోలిక అనిపిస్తారు. సంపాదకుడు కవాసే రాతప్రతి కోసం వచ్చి పిల్లిని చూసి కరిగిపోతాడు. పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేసే నానా ఒకామి పిల్లుల సంగతులు సుబారుకు ఓపికగా నేర్పుతుంది. ఆమె ఇంట్లో ఉన్న పిల్లి ఎవరో మీరే చూడండి.

ఏ భాషలో చూడాలి?

వీలైతే జపనీస్ గొంతులతో, సబ్‌టైటిళ్లతో. ఇంగ్లీషు డబ్బింగ్ కూడా ఉంది. సుబారుకు గొంతు ఇచ్చిన కెన్షో ఓనో చిన్నతనం నుంచి హ్యారీ పాటర్ సినిమాల జపనీస్ అనువాదంలో హ్యారీకి గొంతు ఇచ్చినవాడు. మాట గొంతులోనే ఆగిపోయే మనిషిని అతను చాలా బాగా పలికించాడు. హారుకు హరుకా యమజాకి. ముద్దుముద్దుగా కాకుండా, బాధ్యత మోసే అక్కలా, కొంచెం గద్దింపుగా పలుకుతుంది. జపాన్ బయట ప్రసారమైనది క్రంచీరోల్ అనే స్ట్రీమింగ్ సైట్‌లో.

ఇంట్లో సబ్‌టైటిళ్లు చదవలేని పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని మీరే తెలుగులో చెప్పండి. మాటలు తక్కువ కాబట్టి సులువే.

పాటలు?

మొదటి పాట పాడిన బృందం పేరులోనే ‘ష్రోడింగర్ పిల్లి’ ఉంది, వాళ్లతో గాయని కోత్రింగో కలిసి పాడింది. ముగింపు పాట యొషినో నాంజో పాడింది. దాటవేయకండి.

రెండో సీజన్ ఉందా?

టీవీలో వచ్చింది ఈ 12 ఎపిసోడ్లే. కథ మధ్యలో తెగినట్టు ఉండదు. ఇంకా కావాలనిపిస్తే మాంగా ఉంది.

ఇది అయిపోయాక ఏం చూడాలి?

యానిమే దర్శకుడు మకొతొ షింకాయ్ 1999లో దాదాపు ఒంటరిగా తయారుచేసిన ‘షీ అండ్ హర్ క్యాట్’. నలుపు తెలుపుల్లో, ఐదు నిమిషాలే. ఒక అమ్మాయి గురించి ఆమె పిల్లి చెబుతుంది, ఆ పిల్లికి గొంతు షింకాయ్‌దే. సుబారు ఇంటి వెచ్చదనం అందులో ఉండదు, ఒక చల్లటి నగర ఏకాంతం ఉంటుంది. పిల్లలతో చూడాలంటే కొనమి కనతా మాంగా ఆధారంగా 2008లో వచ్చిన ‘చీస్ స్వీట్ హోమ్’. మూడేసి నిమిషాల ముక్కలు. జంతువులను పెంచకూడదన్న నిబంధన ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం పిల్లికూనను దాచుకుని పెంచడం కథ.

ఇది చూశాక పిల్లిని తెచ్చుకోవాలనిపిస్తోంది. తెచ్చుకోమంటారా?

ఇంట్లో అందరూ ఒప్పుకుంటే, పదిహేనేళ్ల బాధ్యతకు సిద్ధమైతే, తప్పకుండా. కొనాల్సిన పని కూడా లేదు. మన వీధుల్లో హారులకు కొదవ లేదు. ముందుగా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. నులిపురుగుల మందు, రేబిస్ టీకా, పిల్లుల జబ్బులకు ఇచ్చే టీకాలు, తగిన వయసు రాగానే సంతాన నియంత్రణ ఆపరేషన్.

తిండి దగ్గర మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. పాలు, పెరుగన్నం పెడితే చాలనుకుంటాం. చాలా పెద్ద పిల్లులకు ఆవుపాలు, గేదెపాలు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లి మాంసాహారి. టౌరిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచే అందాలి. అది లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం, కాబట్టి మన కూరలోని ముక్క పెట్టకండి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించి, ముళ్లు, ఎముకలు తీసినదైతే పరవాలేదు.

తెచ్చిన మొదటి రోజుల్లో అది మంచం కిందకో బీరువా వెనక్కో దూరి బయటకు రాదు. లాగకండి. గిన్నె అక్కడికి దగ్గరగా పెట్టి, ఒకే పేరుతో, ఒకే గొంతుతో, తిండివేళ పిలవండి. మీరూ అక్కడే నేలమీద కూర్చుని మీ కంచంలోది తినండి.